కొవ్వొత్తి పాట

అక్క పోయాక కూడా కొవ్వొత్తుల షెడ్డులో ఆమె దగ్గు వినిపిస్తోందని మొదట పైకి అన్నది అత్త. అత్త అంటే అక్కడ ఎవరికీ అత్త కాదు. వత్తులు పేనే బల్ల దగ్గర అందరికంటే పాత మనిషి, అందుకని అందరికీ అత్తే. మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి అందరూ ఆవిడ మీద పడి నవ్వేవాళ్ళు. ఆ రోజు నవ్వబోయి ఆగిపోయారు. ఎందుకంటే వాళ్ళూ విన్నారు. మధ్యాహ్నం గంగాళాల్లో మైనం కాగి, పొగ పైకప్పు కింద గూడు కట్టే వేళకి, అక్క కూర్చునే మూల నుంచి ఠఖ్ ఠఖ్ మని పొడి దగ్గు వచ్చేది. తర్వాత ఏమీ ఉండేది కాదు. అక్క కూడా అంతే, వరసగా రెండుసార్లు దగ్గి, తప్పు చేసినదానిలా చుట్టూ చూసి మళ్ళీ పనిలో పడేది.

"గాలికేమోలే అత్తా," అంది పిచ్చుక.

"ఇక్కడ గాలెక్కడిదే తల్లీ?" అంది అత్త.

పిచ్చుక అక్కకి సొంత చెల్లెలు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, చిన్నప్పుడు ఎవరు గట్టిగా పిలిచినా ఉలిక్కిపడుతోందని అక్క పెట్టిన పేరే చివరికి నిలిచింది. ఇప్పుడు ఆమె అక్క గంగాళం దగ్గరే, అక్క ముక్కాలిపీట మీదే కూర్చుని పనిచేస్తోంది. వత్తుల చట్రాన్ని మైనంలో ముంచడం, ఎత్తి పట్టుకోవడం, బొట్టు కారడం ఆగేదాకా చూసి మళ్ళీ ముంచడం. ముంచిన ప్రతిసారీ కొవ్వొత్తికి ఒక పొర ఒళ్ళు వస్తుంది. ఆ పొగ ముంచేవాళ్ళ లోపల కూడా అలాగే పొర మీద పొర పేరుకుంటుందని అక్క అంటూ ఉండేది. సంతకి పోయే కొవ్వొత్తులు నల్ల మైనంతో చేస్తారు. అది మడ్డి సరుకు, కాగితే రబ్బరు కాలిన కంపు.

ఆ మూలలో ఒకప్పుడు కిటికీ ఉండేది. బయట చెత్తకుప్ప ఉండటంతో, దాతలకి పంపే ఫోటోల్లో అది చూడటానికి బాగుండటం లేదని షెడ్డు నడిపే సంస్థవాళ్ళకి బెంగ పట్టుకుంది. ఒక రోజు కాలేజీ పిల్లలు ఉత్సాహంగా వచ్చి, కిటికీ మీద పెద్ద చెక్కపలక బిగించి మేకులు కొట్టి, దాని మీద ఉదయిస్తున్న సూర్యుణ్ణి గీసి వెళ్ళారు. పసుపు పచ్చని కిరణాలు, కింద చేయీ చేయీ పట్టుకున్న ఆడవాళ్ళు. సూర్యుడు వచ్చి కూర్చున్నాక ఆ గదిలో అసలు వెలుగు పోయింది. మేకులన్నిటి మీదా రంగు పడింది గానీ, పైమూలన ఒక్క మేకు మాత్రం రంగు అంటక, తుప్పు పట్టి నల్లగా కనిపించేది. పనిలో తల ఎత్తినప్పుడల్లా పిచ్చుక చూపు పోయి దాని మీదే పడేది.

ఆ మధ్యాహ్నం సూపర్‌వైజరమ్మ వచ్చింది. చెడ్డ మనిషేం కాదు. పైనుంచి మాట పడుతుందేమోనని ఎప్పుడూ భయం, అంతే. ఆమె చేతిలో ఇస్త్రీ మడతలతో ఆకుపచ్చ శాలువా ఉంది. పిచ్చుక దాన్ని చూడగానే గుర్తుపట్టింది. అది అక్కది. ఏటా షెడ్డు కోసం సంస్థ జరిపే వైను వేలంలో కొవ్వొత్తి వెలిగించేటప్పుడు అక్క కప్పుకునేది.

"సంస్థ మేడమ్ పంపారు," అంది సూపర్‌వైజరమ్మ. "వేలం పుస్తకాలు అచ్చయిపోయాయి పిచ్చుకా. మొదటి పేజీ నిండా మీ అక్క ఫోటోనే. ఈ ఏడు కూడా కొవ్వొత్తి వెలిగించేది ఈవిడే అని వేసేశారు. ఇప్పుడు మనిషి లేదని చెప్పుకుంటామా? వేలం పూట చావు మాట ఎత్తితే ఎవరికి పాడబుద్ధవుతుంది చెప్పు?"

"అయితే?"

"నువ్వు నిలబడు. ఎత్తూ ఒళ్ళూ ఒకటే, ముక్కు అదే ముక్కు. నోరు విప్పక్కర్లేదు. వెలిగించి చేతులు కట్టుకు నిలబడటమే."

"అక్కలాగానా?"

"అక్కలాగా అని నేననలేదు. శాలువా కప్పుకోమన్నాను."

అత్త వత్తి పేనడం ఆపేసింది. పిచ్చుక చట్రాన్ని కొక్కేనికి తగిలించి, మైనం అంటిన వేళ్ళు ఒకదానితో ఒకటి గీకుతూ అడిగింది. "నిలబడతాను. కిటికీ తీయిస్తారా?"

"వేలం కానీ, చూద్దాం."

"అక్కకీ ఏటా ఇదే చెప్పారు."

సూపర్‌వైజరమ్మ గొంతు తగ్గించింది. "చూడు, నన్ను ఇరుకున పెట్టకు. ఈ షెడ్డు నడిచేదే ఆ వేలం మీద. నువ్వు కాదంటే ఇంతమంది నోటి దగ్గర ముద్ద పోతుంది. పైగా సోమవారం నుంచి మీ అక్క కూతురు కూడా వస్తోందిగా, వాళ్ళమ్మ చోట్లోకి. దాని సంగతైనా ఆలోచించు."

పిచ్చుక ఆలోచిస్తున్నదంతా దాని సంగతే. ఈ పీట మీద, ఈ పలక పక్కన, ఆ పిల్ల. తను నోరు మూసుకుంటే పిల్లకి పని దొరుకుతుంది, కిటికీ మాత్రం దొరకదు. నోరు విప్పితే రెండూ దొరకవు. ఆమె శాలువా అందుకుంది. ఆ మూలలో పలక వెనక ఎవరో రెండుసార్లు దగ్గారు. సూపర్‌వైజరమ్మ మొహం పాలిపోయింది. వచ్చిన పని అయిపోయినట్టు గబగబా వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో అద్దం ముందు నిలబడి పిచ్చుక శాలువా కప్పుకుని చూసుకుంది. అక్క కుడి భుజం మీదుగా వేసి, కొస ఎడమ చేతికి చుట్టుకునేది. తను మామూలుగానే వేసుకోబోయింది గానీ, చేతులు వాటంతటవే కొసని ఎడమ చేతికి చుట్టేశాయి. అంతలో తలుపు దగ్గర గ్లాసు కింద పడిన చప్పుడయింది.

"అమ్మా!" అంది అక్క కూతురు.

పిచ్చుక వెనక్కి తిరిగింది. పిల్ల వయసు పద్దెనిమిది దాటినా, తల్లి పోయిన దగ్గర్నుంచీ మళ్ళీ చంటిపిల్లయిపోయింది. "పిన్నీ, నువ్వా! అలా వేసుకోకు పిన్నీ. నీకు పుణ్యముంటుంది, తీసెయ్."

"రేపొక్క పూటే తల్లీ."

"ఒక్క పూటే అని వాళ్ళన్నారా, నువ్వనుకుంటున్నావా? వచ్చే ఏడు మళ్ళీ కప్పరా? అమ్మ పోయిందని ఎవరికీ చెప్పకపోతే, అమ్మకి పోవడానికి కూడా హక్కు లేదా?"

పిచ్చుక పిల్లని దగ్గరకి తీసుకుని తల నిమిరింది. తర్వాత అటక మీద నుంచి అక్క రేకుడబ్బా దింపింది. మంచం పట్టిన తర్వాత అక్క దాన్ని చూపించి చెప్పిన మాటలు ఆమెకి బాగా గుర్తున్నాయి. "నేను రాలేకపోతే ఇవే వెలిగించు. కొత్తవి చెయ్యొద్దు. గోరుతో గీకి చూడొద్దు, పాడవుతాయి."

డబ్బాలో పాత గుడ్డలో చుట్టి మూడు కొవ్వొత్తులున్నాయి. తేనెమైనంతో లేత పసుపు రంగులో నున్నగా మెరుస్తున్నాయి. వేలానికి తేనెమైనమే వాడాలని మేడమ్ పట్టుదల. వత్తి మొదట్లో అక్క మార్కు జంటముడి ఉంది. మూడూ ఏటా చేసేవాటికంటే కాస్త లావుగా, చేతికి బరువుగా తగిలాయి. గుడ్డ కింద డబ్బా అడుగున గుప్పెడు తుప్పు మేకులు, వంకర పోయినవి, గలగలమన్నాయి.

"ఇవెందుకు పిన్నీ?"

"మీ అమ్మ ఏదీ పారెయ్యదుగా," అంది పిచ్చుక. డబ్బా మూత పెట్టేసింది.

వేలం హాలు పెద్ద హోటల్లో. గోడకి అక్క ఫోటో, ఇద్దరు మనుషుల ఎత్తున. చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి, భుజాన ఆకుపచ్చ శాలువా, పక్కన పెద్ద అక్షరాలతో స్త్రీల స్వయం ఉపాధికి చేయూత. పిచ్చుక ఆ ఫోటో కింద నుంచే లోపలికి వచ్చింది. తలుపు దగ్గర మనిషి నవ్వుతూ, "బాగున్నారా అమ్మా, చిక్కిపోయారే" అన్నాడు. గ్లాసులు తుడుస్తున్న అమ్మాయి, "ఈసారి నాకూ ఒక కొవ్వొత్తి ఇస్తానన్నారు, మర్చిపోయారా?" అంది. ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. మొదట పిచ్చుకకి ఊపిరి పీల్చుకున్నట్టయింది, తర్వాత భయం వేసింది. మనిషిని మార్చేసినా ఎవరికీ తెలియదంటే, వీళ్ళు ఇన్నేళ్ళూ చూసింది మనిషినా, శాలువానా?

తెల్ల చేతితొడుగులు వేసుకున్న కుర్రవాళ్ళు వైను సీసాలని పసిపిల్లల్లా ఎత్తుకుని తెచ్చి చూపిస్తున్నారు. వేదిక మీద వేలం పాటగాడు ఒక్కో సీసా పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంటే, కింద గ్లాసులు మోగుతున్నాయి, చేతులు లేస్తున్నాయి. ఏ తోటలో పండింది, ఎన్నేళ్ళు చల్లటి గదిలో కదలకుండా పడుకుంది, ఆ గదికి గాలి ఏ వైపు నుంచి వస్తుంది, అన్నీ చెప్పాడు. సీసాల గదికి రెండు వైపులా గాలి ఆడాలట. పిచ్చుక అది విని తల దించుకుంది.

మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి ముందు వరసలోకి తీసుకెళ్ళింది. అక్కడ వెండి పిడి చేతికర్రతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఏటా చివరి వైను పీపా ఆయనే పాడుకుంటాడని పేరు.

"రా అమ్మా," అన్నాడాయన. "దగ్గు తగ్గిందా?"

పిచ్చుక తల ఊపబోయింది. అంతలో గొంతులో ఏదో గీరినట్టయి, ఆపుకునేలోపే ఠఖ్ ఠఖ్ మని దగ్గు వచ్చేసింది. ఆమెకి జన్మలో దగ్గు లేదు. ఆ చప్పుడు తన నోట్లోంచి వచ్చిందంటే తనకే నమ్మకం కలగలేదు.

"తగ్గలేదన్నమాట," అన్నాడు పెద్దాయన నొచ్చుకుంటూ. "పోయినేడు నువ్వు కిటికీ గురించి చెప్పావు. నేను వీళ్ళకి చెప్పాను కూడా. తెరిచారా?"

"ఎప్పుడో తెరిపించాం సార్," అంది మేడమ్. భుజం మీద చెయ్యి కొద్దిగా బిగిసింది.

పిచ్చుక కాదని చెప్పబోయింది. దూరంగా గోడ పక్కన నిలబడ్డ సూపర్‌వైజరమ్మ రెండు చేతులూ జోడించి, వద్దు అన్నట్టు చూస్తోంది. షెడ్డులో అందరి మొహాలూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఆమె నోరు మూసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి పీపా వంతు వచ్చింది. దాన్ని సుత్తి కొట్టి అమ్మరు, కొవ్వొత్తితో అమ్ముతారు. ఒకదాని తర్వాత ఒకటి మూడు పొట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మూడోది వెలుగుతున్నంతసేపూ ఎవరైనా పాడొచ్చు. అది తనంతట తాను ఆరి, పొగ లేచిన క్షణానికి ఎవరి పాట చివరిదైతే పీపా వాళ్ళది. ఎవరూ ఊదకూడదు, లేచి తిరగకూడదు, పాట తప్ప మరో మాట ఆడకూడదు. గాలి కూడా ఒకరి పక్షం వహించకూడదని తలుపులు, కిటికీలు మూసేస్తారు, ఫ్యాన్లు ఆపేస్తారు. గడియలు పడ్డాయి. పిచ్చుక మొదటి వత్తి వెలిగించి, చేతులు కట్టుకుని నిలబడింది.

మొదటి కొవ్వొత్తి తేనె వాసన వేస్తూ ముద్దుగా వెలిగింది. పాటలు ఒకటీ అరా లేచాయి. మంట కిందికి దిగేకొద్దీ కొస ఎర్రబడి, సన్నటి నల్లదారం లాంటి పొగ పైకి లేచింది. రెండోది సగం కాకముందే పిచ్చుక ముక్కుకి తెలిసిపోయింది. నల్ల మైనం! పైన తేనెమైనం రెండు పొరలే. లోపలంతా గంగాళం అడుగు మడ్డి. వేళ్ళకి బరువుగా తగిలిందెందుకో, గీకి చూడొద్దన్నదెందుకో అప్పుడు అర్థమైంది. అక్క ఆ పీట మీద కూర్చుని, దగ్గుకుంటూ, ఈ హాలుని తలుచుకుంటూ పొర మీద పొర ముంచింది.

మూడోది చేతిలోకి తీసుకుంది. సూపర్‌వైజరమ్మ గోడ దగ్గర్నుంచి చెయ్యి అడ్డంగా ఊపుతోంది. ఇప్పుడైనా, కొవ్వొత్తి చెడిపోయింది, వేరేది తెస్తానని సైగ చేస్తే సరిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. షెడ్డు ఉంటుంది, పిల్లకి సోమవారం పీట ఉంటుంది. పిల్లకి ఆ పీట ఉంటుందన్న మాట తట్టగానే పిచ్చుక ఇక గోడ వైపు చూడలేదు. మూడో వత్తి వెలిగించి, శాలువా కొస ఎడమ చేతికి చుట్టుకుని నిలబడింది.

అది అన్నిటికంటే లావుది. ఆరే రకం కాదు. పొగ దీపాల చుట్టూ తిరిగి కిందికి దిగింది. పాటలు పలచబడ్డాయి. ముందు వరసలో ఎవరో దగ్గారు. వెనక మరొకరు. గ్లాసు పట్టుకున్న ఒకావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి హాలు నలుమూలల నుంచీ అదే దగ్గు, రెండుసార్లు దగ్గి ఆగడం, మళ్ళీ రెండుసార్లు. ఖరీదైన బట్టల్లోంచి, మెరిసే నగల వెనక నుంచి, అంతమంది గొంతుల్లో అక్క ఒక్కతే దగ్గుతున్నట్టుంది. చిత్రం, పిచ్చుకకి మాత్రం దగ్గు రాలేదు.

మేడమ్ వేదిక అంచుకి వచ్చి పాటగాడితో గుసగుసగా, "ముగించెయ్యండి" అంది.

"అది ఆరందే ముగించడానికి లేదు మేడమ్. నియమం," అన్నాడు పాటగాడు కళ్ళు తుడుచుకుంటూ.

పెద్దాయన చేతికర్ర ఊని లేచాడు. ఎవరూ లేవకూడదని ఆయనకి తెలుసు. కిటికీ దాకా వెళ్ళి, చేతికర్రతో గడియ కొట్టి, రెక్క బార్లా తెరిచాడు. గాలి లోపలికి వచ్చింది. మంట పక్కకి ఒరిగి టప్పున ఆరిపోయింది. అందరూ ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నారు. ఎంత తేలిక పని! ఒక గడియ, ఒక చెయ్యి. దాని కోసం అక్క ఎన్నేళ్ళు అడిగింది!

"గాలికి ఆరితే లెక్కలోకి రాదు," అన్నాడు పాటగాడు అయోమయంగా. "పాట నిలిచిపోయింది."

పెద్దాయన వేదిక దగ్గరకి వచ్చాడు. "ఏం వాసనమ్మా ఇది?"

"మా షెడ్డు వాసనండి," అంది పిచ్చుక. గొంతు సన్నగానే ఉంది గానీ ఉలిక్కిపడటం లేదు.

"కిటికీ తెరిచామన్నారే?"

"దాని మీద సూర్యుణ్ణి గీశారండి."

"మరి పోయినేడు నువ్వు నాతో..."

"అది నేను కాదండి. మా అక్క. అక్క పోయింది. నేను చెల్లెల్ని."

మేడమ్ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. పెద్దాయన పిచ్చుక మొహంలోకి చూశాడు. "మరి ఇందాక నా ముందు దగ్గింది ఎవరు?" అన్నాడు.

పిచ్చుక ఆరిన వత్తి వైపు చూసింది.

"రేపు పొద్దున మీ షెడ్డుకి వస్తాను," అన్నాడాయన మేడమ్ వైపు తిరిగి. "పాట సంగతి కిటికీ చూశాక."

మర్నాడు తెల్లారేసరికే సూపర్‌వైజరమ్మ వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చేసింది. ఇంతకాలం చూద్దాం చూద్దాం అన్న పని ఒక పెద్దమనిషి కళ్ళబడుతుందనేసరికి టీ చల్లారేలోపు అయిపోవాల్సి వచ్చింది. పొయ్యిలు వెలిగించొద్దని కబురు పెట్టడంతో ఆడవాళ్ళంతా గోడల వారగా నిలబడ్డారు. గంగాళాల్లో నిన్నటి మైనం గడ్డకట్టి ఉంది. అక్క కూతురు పిన్ని చెయ్యి పట్టుకుని మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది. పిచ్చుక భుజాన శాలువా లేదు. మడిచి, కాగితంలో చుట్టి తెచ్చి సూపర్‌వైజరమ్మ చేతిలో పెట్టేసింది.

"షెడ్డు ఉంచుతారో మూస్తారో నాకు తెలీదు పిచ్చుకా," అంది ఆమె. కోపంగా అనబోయింది గానీ గొంతులో కోపం లేదు.

వడ్రంగి పలక అంచున మేకు కోసం తడిమాడు. రంగు మీద గోరుతో గీకాడు. పసుపు పొడి రాలింది. ఇంకొకచోట గీకాడు, మరొకచోట. వెనక్కి తిరిగి, "ఇందులో మేకులేవమ్మా? అన్నీ మైనమేగా!" అన్నాడు.

ఒక్కో బెజ్జంలోనూ రంగు కలిపిన మైనం నింపి ఉంది. కిరణం మీద పసుపు, ఆకాశం మీద నీలం, దగ్గర నుంచి చూసినా తేడా పట్టలేనంత నేర్పుగా. పలక మేకుల బలం మీద కాదు, కిటికీ చట్రంలో బిగుసుకుని ఊరికే నిలబడి ఉంది. బయట గాలి వీచినప్పుడల్లా వదులైన అంచు వెళ్ళి చట్రానికి కొట్టుకుంటోంది. ఠఖ్ ఠఖ్.

"అదీ దగ్గు," అంది అత్త నెమ్మదిగా. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"పిన్నీ, ఆ డబ్బాలో మేకులు..." అంది పిల్ల.

పిచ్చుక తల ఊపింది. ఎవరూ చూడని వేళల్లో, ఒక్కో మేకూ వదులు చేసి పీకి, ఇంటికి పట్టుకుపోయి దాచింది అక్క. పైమూల ఒక్కటీ మిగిలిపోయింది. దాన్ని పీకే ఓపిక ఉన్న రోజు రాకముందే మంచం పట్టింది. ఆ ఒక్క మేకూ ఇంకా ఉందిగా, అది తీస్తే చాలు అని పిచ్చుక చెప్పబోతూ, వడ్రంగి ఎక్కడానికని ముక్కాలిపీట ముందుకి లాగింది. పీట మీద ఏదో దొర్లింది. తుప్పు మేకు. పొడవుగా, కొత్తగా పీకినట్టు కొస మెరుస్తూ ఉంది.

నిన్న మధ్యాహ్నం వేలానికని పని ఆపి వెళ్ళేటప్పుడు ఆ మేకు పైమూలనే ఉంది. ఆమె తల ఎత్తి చూసింది, తాళం వేసింది తనే.

"నేనెక్కుతాను," అంది పిచ్చుక. పీట ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి పైమూలకి చెయ్యి చాచింది. అక్కడ నున్నగా, పసుపు రంగు కలిపిన మైనం. నడిమధ్యన బొటనవేలి ముద్ర. ఆమె దాని మీద వేలు పెట్టింది. మైనం వేలికి అంటుకుంది. మెత్తగా, వెచ్చగా ఉంది. కింద పొయ్యిలన్నీ చల్లగా పడి ఉన్నాయి.

అరచేత్తో పలకని చిన్నగా తోసింది. సూర్యుడు వెనక్కి వాలి, చేయీ చేయీ పట్టుకున్న ఆడవాళ్ళతో సహా బయట చెత్తకుప్ప మీద పడ్డాడు. గాలి వచ్చింది. చెత్త కంపు కొడుతూనే వచ్చింది, అయినా అందరూ అటే వెళ్ళి నిలబడ్డారు. పిచ్చుక పీట దిగి, దాన్ని కిటికీ కిందికి జరిపి, పిల్లకి చూపించింది.

"మీ అమ్మ ఇక్కడ కూర్చునేది. కూర్చో."